ఆనకాలం పాట దొరికింది

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాళ్టికి ఏడాది. పొద్దుగాల ఉప్పునుంతల నుంచి బాలమణి అని ఒకామె వనపర్తికి, మన జిరాక్స్ దుకాణానికి వచ్చింది.

"మీ అన్న మా అమ్మ పాట రాసుకున్నడమ్మా. అమ్మ పోయింది. నాకు రాగం తప్ప మాటలు యాదికొస్తలేవు. అది వానల పాట," అన్నది.

ఊరూరు తిరిగి నువ్వు రాసుకున్న పాటలన్నీ కంప్యూటర్ల ఇంగ్లీషు అక్షరాలతోని కొట్టిపెట్టినవు గద. నువ్వు నేర్పినట్లే నల్ల తెర తెరిచి, ఫైళ్లల్ల మాటను వెతికే గ్రెప్ అని కొట్టి, పక్కన వాన అని రాసిన. ఏం రాలే. ఆమె మొఖం చిన్నబోయింది. అప్పుడు తట్టింది నాకు, నువ్వు పాడినోళ్లు పలికినట్లే రాస్తవని. ఆనకాలం అని కొట్టిన. పాట ఏ ఫైల్ల ఉన్నదో తెర మీద వచ్చింది. తెరిచి చదువుతుంటే ఆమె కండ్లు మూసుకొని నా ఎంట పాడింది. నువ్వుంటే ఇంకోసారి పాడమందువు, చాయ్ చల్లారిపోయేది.

ఆమె పోయినంక ఊరికెనే నా పేరు లచ్చి అని కొట్టి వెతికిన. అన్ని ఫైళ్లల్ల ఒక్కటే వరుస దొరికింది. "మునుం అంటే ఏందో లచ్చిని అడగాలె" అని రాసుకున్నవు.

నువ్వు అడగనేలేదు. చిన్నప్పటి సంది హాస్టల్ల చదివినోనివి, నీకెట్ల తెలుస్తది. నాట్లేసేటప్పుడు ఒక్కొక్కరు పట్టుకొని పోయే వరుసను మునుం అంటరన్నా. ఎవరన్న ఎనకబడితే పక్కనోళ్లు వాళ్ల మునుం సుత అందుకుంటరు.

నీ చెల్లె