వీధి బ్యాటరీకీ నాకూ పడదు

మా ఇంటావిడకి, ప్రేమతోనూ కాస్త కుళ్ళుతోనూ రాస్తున్నది.

ఇక్కడ నేను, అమ్మ, పాప కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోన్‌లో నోరు పెగలని సంగతి ఒకటుంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మేడల మీద సోలార్ పలకలు కడిగించాం. అందరి కరెంటూ దాచే వీధి బ్యాటరీ తెల్లారేదాకా సరిపోతోంది. ఎండ ఉన్నప్పుడే అందరూ మోటార్లు, వాషింగ్ మిషన్లు వేసుకుంటున్నారు. నా కుట్టు కొట్టులో ఇస్త్రీ పెట్టె వంతు మధ్యాహ్నమే. ఇవన్నీ అడిగాక, చిట్టచివర "మీరెలా ఉన్నారు?" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఎవరి మేడ మీద కరెంటు వాళ్ళదే అనేవాళ్ళని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించి, అంతా కలిపి పంచుకునేలా చేసింది నువ్వే. అది చూసే నిన్ను వేరే ఊళ్ళకు నేర్పడానికి తీసుకెళ్ళారు. నాకు గర్వమే. కానీ వీధి కరెంటు సంఘంలో నీ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్న ఆ ఎలక్ట్రీషియన్‌ని చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాను. మబ్బు పట్టినా నీకు ఫోనే, ఎండ కాసినా ఫోనే. సంఘం గది నా కొట్టు పక్కనే కదా, అతని నవ్వులు వినిపిస్తాయి. అవతల నువ్వూ నవ్వుతున్నావని వినకపోయినా తెలుస్తుంది. నాతో మాత్రం "సరే, పడుకోండి" అంటావు.

అమ్మ కనిపెట్టేసింది. "ఒరేయ్, నీ కుళ్ళు కరెంటయితే మన వీధికి ఎండతో పనే లేదురా" అంది.

ఇంకో ఏడాది ఉండమంటున్నారు, ఏం చెప్పమంటారు అని అడిగావు. దానికి జవాబివ్వకుండానే ఓ పని చేశాను. ఆదివారం సంఘం మీటింగులో కిరాణా కొట్టు పెద్దాయన, "ఆవిడ రాకపోతే ఈ అబ్బాయినే ఖాయం చేసేద్దాం" అన్నాడు. నీ కుర్చీ అతనిదైపోతుందనేసరికి ఉండబట్టలేక లేచి, "అక్కర్లేదు, మా ఆవిడ వచ్చే నెల వచ్చేస్తోంది" అనేశాను.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ ఎలక్ట్రీషియనే. పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"బతికించారు బావగారూ! ఈ వంతుల తగాదాలు నావల్ల కావట్లేదు. రోజూ ఫోన్ చేసి అక్క దగ్గర మొత్తుకుంటున్నా. ఏదో జోకేసి నన్ను ఊరుకోబెడుతోంది పాపం."

నా మొహం మాడిపోయింది. ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. పాప నీ బట్టల అలమారా తెరిచి, తన గౌన్లన్నీ తీసేసి నీ అర ఖాళీ చేస్తోంది. అది అబద్ధమని దానితో చెప్పలేకపోయాను. వీధికీ ఇంకా చెప్పలేదు.

నువ్వు ఉంటానంటే అందరి ముందూ నేనే ఒప్పుకుంటాను, పాపకూ నేనే చెప్పుకుంటాను. నా మాట నిలబెట్టడానికని రావద్దు. వీధి కోసమో, బ్యాటరీ కోసమో కూడా రావద్దు. నన్ను చూడాలనిపిస్తేనే రా.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క మొగుడు