పెదవికి సరిపడా వేడి

జూన్ 18, బుధవారం

ఈ డైరీకి తాళం అక్కర్లేదు. ఈ అరవ ఊళ్ళో మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఎవర్ని ఎంత తిట్టినా భయం లేదు.

వైస్ ప్రిన్సిపల్ శివరామ్ సార్ ఎట్టకేలకు సంతకం పెట్టాడు. మా స్పెషల్ సెక్షన్ పిల్లలు ఇంటర్వెల్‌లో స్టాఫ్‌కి ఫిల్టర్ కాఫీ అమ్ముకోవచ్చు. ఒక ట్రాలీ, ఒక గంట, స్టీలు టంబ్లర్లు, వాటికి జతగా డవరా గిన్నెలు. కరస్పాండెంట్ సుందరం గారు దానికి పేరు కూడా పెట్టారు, స్పెషల్ కాఫీ అని. పెట్టి తనే పగలబడి నవ్వారు. జీతమిచ్చే మనిషి జోకు కదా, నేనూ నవ్వాను.

జూన్ 20, శుక్రవారం

నా టీమ్ ఇద్దరే. అరుళ్ మాట్లాడడు. ట్రాలీ తోస్తాడు, గంట కొడతాడు. ఆ గంట చేతిలో ఉంటే వాడికి ఇంకేమీ అక్కర్లేదు. ఆశకి డౌన్ సిండ్రోమ్. డికాక్షన్, పాలు, చక్కెర కలిపి టంబ్లర్‌లోంచి డవరాలోకి, డవరాలోంచి టంబ్లర్‌లోకి తిరగబోసి ఇవ్వడం ఆమె పని. నురగ వస్తే తనే చప్పట్లు కొట్టుకుంటుంది.

సాయంత్రం ఆశ వాళ్ళమ్మ చెంగమ్మ వచ్చింది. చూలై మార్కెట్ దగ్గర పూలు అమ్ముతుంది. ఆగస్టుకి బిడ్డకి పద్దెనిమిది నిండుతాయి, ఆ తర్వాత స్కూల్లో ఉంచుకోరు. నేను యాపారానికి పోతే ఇంట్లో ఎవురుండారు మిస్, లీవు దినాల్లో బయట గొళ్ళెం ఏసే పోతా ఉండా, పొద్దు గూకేదాకా ఆ కిటికీ కాడే నిలబడుకోనుంటాది, ఎట్నన్నా ఈడ్నే ఉంచేయండి మిస్ అంది. అని నా కాళ్ళు పట్టుకోబోయింది. ఛీ, నాకు కాళ్ళు పట్టుకోవడాలంటే కంపరం.

సుందరం గారితో మాట్లాడాను. టీచర్స్ డే దాకా ఒక్క కంప్లెయింట్ లేకుండా ట్రాలీ నడిస్తే ఆశని క్యాంటీన్ స్టాఫ్‌గా తీసుకుంటానన్నారు.

జూన్ 25

నిన్న మ్యాథ్స్ విజి మిస్ నాలుక కాలిందని గోల. ఇవాళ కాఫీ ఆరిపోయి చన్నీళ్ళలా ఉందని గోల. ఆమెకి దేవుడు గోలే ఇచ్చాడు.

ఇంకోటి గమనించాను. క్యాంటీన్‌లో శుభ్రంగా అంచు కరుచుకుని తాగే మనుషులు మా ట్రాలీ దగ్గర మాత్రం మెడ వెనక్కి వాల్చి, టంబ్లర్ ఎత్తి, మూతికి తగలకుండా పోసుకుంటున్నారు. ఏంటి మిస్ అంటే ఇంటి అలవాటమ్మా అంది విజి మిస్. అబ్బ, ఏం అలవాటు! ఆశకి కొంచెం చొంగ కారుతుందని కదూ? మా నాయనమ్మా ఎత్తే పోసుకునేది, మాకూ అదే నేర్పింది. కానీ మనిషిని చూసి కాదు, ఎవరింట్లో అయినా అంతే.

జూన్ 27

థర్మామీటర్ కొంటే అరుళ్ మొదటిరోజే విరగ్గొట్టాడు. వేలు ముంచి చూడమనలేను కదా. యాడికి ఆపాలో ఎట్ల తెలుస్తాది మిస్ అంది ఆశ. నా టంబ్లర్ అంచు నా పెదవికి తాకించి చూపించాను. పెదవి కాలకూడదు, చప్పగా చల్లారకూడదు, అదీ వేడి అన్నాను. ఆమె తన టంబ్లర్ తాకించి చూసుకుంది. మళ్ళీ తిరగబోసింది. మళ్ళీ తాకించుకుంది. సరి మిస్ అంది.

జూలై 8

వారం రోజులుగా ఒక్క కంప్లెయింట్ లేదు. శివరామ్ సార్ రెండో టంబ్లర్ అడుగుతున్నాడు. ఏం మాయో!

జూలై 21, సోమవారం

మాయ తెలిసింది. కుళాయి దగ్గర స్తంభం చాటున ఆశ కాఫీ తిరగబోస్తోంది. ఒక్కో టంబ్లర్ ఎత్తి, అంచు పెదవికి తాకించి, కళ్ళు మూసుకుని, తల ఊపి ట్రేలో పెడుతోంది. అన్నీ. ఒక్కటి కూడా వదలకుండా.

క్లాసులోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. మెడ నొప్పెట్టేలా ఎత్తి పోసుకునే విజి మిస్! ఎంగిలి, అరవంలో ఎచ్చిల్ అని ఆమె ముక్కు చిట్లించే ఆ ఎంగిలే, రోజూ ఇంటర్వెల్‌లో గుటగుటా దిగుతోంది.

రేపు ఆశకి చెప్పి మాన్పించాలి.

జూలై 22

చెప్పలేదు.

జూలై 30

స్టాఫ్ మీటింగ్‌లో విజి మిస్ లేచింది. స్పెషల్ పిల్లలు నీళ్ళు పట్టుకునే వాటర్ క్యాన్‌లోనే మన పిల్లలూ పట్టుకుంటున్నారు, పేరెంట్స్ అడుగుతున్నారు, వాళ్ళకి వేరే పెట్టేయండి సార్ అంది. తప్పుగా తీసుకోకండి అని నా వైపు తిరిగి మరీ అంది. శివరామ్ సార్ మధ్యాహ్నానికే వేరే క్యాన్ పెట్టించాడు. దానిమీద ఎర్ర పెయింట్‌తో ఎస్ అనే అక్షరం.

ఇంటర్వెల్‌లో ఆశని పిలిచి, విజి మిస్‌కి బాగా చూసి ఇవ్వు అన్నాను. పాపం పిల్ల, రెండుసార్లు తాకించి చూసింది. నేను కారిడార్‌లో నిలబడి విజి మిస్ చివరి చుక్క దాకా పోసుకోవడం చూశాను. నా కడుపు నిండిపోయింది. పాపమా? ఉండనీ.

నేను మాత్రం ఇంటినుంచి ఫ్లాస్క్ తెచ్చుకుంటున్నాను. చక్కెర తగ్గించమన్నాడు డాక్టరు, అందుకే.

ఆగస్టు 19

ఆశ పుట్టినరోజు. చెంగమ్మ అప్పుడే క్యాంటీన్ ఆయాలు కట్టే నీలం చీర కొనేసింది. అంత తొందరేంటి చెంగమ్మా అంటే, మీరు జూసుకుంటారు గదా మిస్, నాకేం బయం లేదు అంది. ఆశ చీరని చుడీదార్ మీదే చుట్టుకుని అరుళ్ ముందు నడిచి చూపించింది. వాడు గంట కొట్టాడు.

ఇప్పుడు మాన్పిస్తే వేడి తప్పుతుంది, కంప్లెయింట్ వస్తుంది, ఉద్యోగం పోతుంది. కాబట్టి చెప్పకపోవడమే ఆ పిల్లకి మంచిది. ఇలా రాసుకుంటే బాగానే ఉంది.

సెప్టెంబర్ 4

రేపు టీచర్స్ డే స్టేజీ మీద సుందరం గారికి ఆశే కాఫీ ఇవ్వాలట. వెంటనే మైకులో ఉద్యోగం అనౌన్స్ చేస్తారట. అక్కడ స్తంభం చాటు ఉండదు. తోరణాలు కట్టించే హడావిడిలో ఆశని పట్టుకుని, రేపు పెదవికి తాకించొద్దు అన్నాను. మరి ఎట్ల తెలుస్తాది మిస్ అంది. అయ్యో, ఊరికే ఇచ్చెయ్ తల్లీ అని కసిరాను. సరి మిస్ అంది.

సెప్టెంబర్ 5, శుక్రవారం, సాయంత్రం

నీలం చీర కట్టుకుని వచ్చింది. చెంగమ్మ చివరి వరుసలో, ఒళ్ళో పూలబుట్ట. స్టేజీ మీద ఆశ తిరగబోసింది, నురగ వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. టంబ్లర్ చేతిలో పట్టుకుని ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను కళ్ళతోనే ఇచ్చెయ్, ఇచ్చెయ్ అన్నాను. ఆమె టంబ్లర్ని చూసింది, పెద్దాయన్ని చూసింది. ఆయన నోరు కాలుతుందని భయపడినట్టుంది. అంచు పెదవికి తాకించి, కళ్ళు మూసుకుని, తల ఊపి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సుందరం గారు టంబ్లర్ తీసుకుని, తాగకుండా బల్ల మీద పెట్టి, వేళ్ళు కర్చీఫ్‌కి తుడుచుకున్నారు.

శివరామ్ సార్ వచ్చి ఎప్పటినుంచి ఇలా అని అడిగాడు. మైకు ఆఫ్ చేయలేదు. రోజూ సార్ అంది ఆశ, సంతోషంగా. అందరికీ సార్ అంది. విజి మిస్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. నిజం రాస్తాను, ఆ క్షణంలో కూడా నాకు నవ్వొచ్చింది.

ఎవరు నేర్పించారు అన్నాడు. మిస్ అంది.

అందరూ నన్ను చూశారు. ఇందాక సన్మానంగా సుందరం గారు కప్పిన శాలువా నా భుజం మీదే ఉంది. ఆ పిల్లకేం తెలుసు సార్, ఏదో వాగుతోంది, నేనెందుకు నేర్పిస్తాను అన్నాను. ఇంత తొందరగా అబద్ధం వస్తుందని నాకు తెలియదు.

ఆశ నన్ను చూసి కొంచెంసేపు ఆలోచించింది. మిస్ ఏం చెప్పినా ఆమెకి అదే కరెక్ట్. తర్వాత మైకు దగ్గరికి వంగి, అవును సార్, మిస్ చెప్పలా, నేనే చేసినా అంది. అని నన్ను మెప్పించినట్టు నవ్వింది.

చెంగమ్మ వచ్చి బిడ్డ వీపు మీద గుద్దింది. ఆపడానికి నేను లేవలేదు.

సెప్టెంబర్ 8

టంబ్లర్లన్నీ పాత సామాన్లవాడికి వేసేశారు. మెషిన్ వచ్చింది, పేపర్ కప్పులు. నా మీద జాలిపడి విజి మిస్ కూడా, ఎంత కష్టమో ఇలాంటి వాళ్ళతో అంది. అవును మిస్ అన్నాను. ఆశ పేరు రిజిస్టర్‌లోంచి తీసేశారు.

సెప్టెంబర్ 15

ఇంటర్వెల్‌కి అరుళ్ ఖాళీ కారిడార్‌లో గంట కొడుతున్నాడు. ఇవాళ గంట కూడా లాక్కున్నారు. లాక్కుంది నేనే.

అక్టోబర్ 4, శనివారం

చూలైలో ఆశ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపుకి బయట గొళ్ళెం. కిటికీ దగ్గర ఆశ, నీలం చీరలోనే. మిస్ మిస్ అని ఎగిరింది. ఎండలో వచ్చినారని లోపలికి పోయి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అంచు పెదవికి తాకించి, కళ్ళు మూసుకుని, తల ఊపి, ఊచల్లోంచి ఇచ్చింది.

ఎత్తి పోసుకున్నాను.