ఆయన పెట్టించిన ఛార్జర్

ఆదివారం రాత్రి, మైదుకూరు

ఆయన పోయినాక కరెంటు కారు అమ్మేసినాం గానీ, గోడకు ఛార్జర్ అట్లే ఉండాది. ఛార్జర్లు యాడుండాయో చూపిచ్చే యాప్‌లో మా ఇల్లు కూడా తీసేయలేదు. అది చూసుకోని మధ్యాహ్నం ఒకాయప్ప కారులో వచ్చినాడు.

"అక్కా, మా అమ్మను కడప ఆస్పత్రికి తీసకపోతాండా. ఛార్జింగ్ చాలేట్టు లేదు" అన్నాడు.

పెట్టుకోమన్నా. పెద్దామెను లోపలికి పిల్చి మజ్జిగ ఇచ్చినా.

ఆయన ఉన్నప్పుడు ఛార్జింగ్‌కొచ్చినోళ్లను ఎవురినీ బయట కూచోనిచ్చేవాడు కాదు. "ఎండలో యాడుంటావప్పా, లోపలికి రా" అని పిల్చి, మాటల్లో పడి అన్నం చల్లార్చుకునేవాడు. నేను కసురుకునేదాన్ని. ఈ పొద్దు పెద్దామెతో మాట్లాడతా కూచుంటే నా అన్నమూ చల్లారిపోయింది.

ఆమెకు ఎట్లుందో ఏమో... నంబరన్నా అడిగింటే బాగుండు.

రేపు ఛార్జర్ ఊడదీపిస్తానన్న తమ్మునికి వద్దని చెప్పల్ల. తిరిగొచ్చేటప్పుడు వాళ్లకు మళ్లా కావాల్సొస్తుంది గదా.