పావురం కాలికి చుట్టుకున్న వెంట్రుక

స్రవంతీ,

పెరట్ల బుట్ట కింద పావురం ఉన్నది, పిల్లికి దొరకకుండ చూడు. కాలి వేళ్ళు ఊడిన పావురాలు మూడైనయి, ఇంటికేదో కీడున్నదని నాయినమ్మ భయపడుతున్నది. పొద్దున దీన్ని పట్టి చూసిన. కాలికి బిగుసుకున్నది దారం కాదు, నా వెంట్రుక.

వెంట్రుకలకు గిన్నెలిచ్చేటాయన కోసం గోడ సందుల దాచిన చిక్కు మొత్తం తీసి, కవర్ల కట్టి పారెయ్యి. మస్తున్నది, చూసి బుగులు పడకు. మూడు నెలల నుంచి దువ్వెన పెడితె పిడికెడు ఊడొస్తున్నది. నీకు కనవడొద్దని కొంగు కప్పుకుంటున్న.

ఇయ్యాల దవాఖానకు ఒక్కదాన్నే పోతున్న. నాయినమ్మకు గుడికని చెప్పిన.

అమ్మ

పావురం కాలికున్న వెంట్రుక నువ్వే కత్తిరించు. నేను కత్తెర పట్టిన గని, దాని వేలు తెగుతదేమోనని ఇడిచిపెట్టిన.