పట్టుకోవడానికి ఒక కొస

ప్రియమైన వదినకు,

ఈ ఊరొచ్చి మూడు వారాలైంది. మూతపడిన మన కొట్టుతో పాటు కొట్టు ఫోనూ పోయింది కనుక ఇక ఉత్తరాలే గతి. ఇరవై రెండేళ్ళు ఒకే బల్లకి చెరో వైపు కూర్చుని బట్టలు కుట్టాం. నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఉద్యోగం ఆసుపత్రిలోనే గానీ రోగులెవరూ నా కంటపడరు. నేల కింద అంతస్తులో కిటికీ లేని గది నాది. పైన ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పట్టకార్లూ కిందికొస్తాయి. కడిగి, ఆరబెట్టి, లెక్క చూసి, నీలం గుడ్డలో మూటకట్టి, క్రిములు చచ్చేలా ఆవిరి పెట్టెలోకి పంపాలి. మూటకి అతికించిన పట్టీ మీద గీతలు నల్లబడితే ఆవిరి సరిగ్గా తగిలినట్టు. పట్టీ మీద నా నంబరు రాస్తాను, పదిహేడు. పైన ఎవరికి ఏ ఆపరేషనో, వాళ్ళు కోలుకున్నారో లేదో మాకెవరూ చెప్పరు.

సాయంత్రం అద్దెగదికొచ్చి గోడకి ఎదురుగా కూర్చుని భోంచేస్తాను. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని నువ్వు తిట్టే తిట్లు కూడా తీపిగా గుర్తొస్తున్నాయంటే చూసుకో నా గతి.

కళ్ళజోడు మార్పించుకున్నావా? సాకులు చెప్పకుండా రాయి. ఇది ఆడపడుచు పెత్తనం అనుకున్నా సరే.

నువ్వు లేక ఊసుపోని
నీ ఆడపడుచు

*

చిరంజీవి ఆడపడుచుకి,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. మిషనుకి నూనె వేశాను. నీ కుర్చీలో పిల్లి పడుకుంటోంది, లేపబుద్ధి కాలేదు. వేళకి తిను.

మీ వదిన

*

ప్రియమైన వదినకు,

ఇదేం ఉత్తరం? రెండు నెలలు ఎదురుచూస్తే నాలుగు ముక్కలు! అవీ కొట్టు బోర్డు మీద రాసినంత పెద్ద అక్షరాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి. కవరు మీద చిరునామా ఎవరిదో చేతిరాత. కళ్ళజోడు సంగతి మింగేశావు.

ఇక్కడ నా పరువు పోయింది. మడత అంటే మనకి ఎలా అలవాటు? ఒక్క కొస బయటికి కనిపించకూడదు. నేనలాగే చివరి కొసని కూడా లోపలికి దోపి, అంచు తెలియకుండా నున్నగా సర్దాను. పదకొండు మూటలు. చూసుకుంటే నాకే ముచ్చటేసింది. తీరా పైన నర్సుకి వాటిని ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలియలేదు. వేళ్ళు పెట్టి వెతికితే లోపలి గుడ్డకి చెయ్యి తగులుతుంది, తగిలితే ఇక ఆ మూట పనికిరాదు. పదకొండూ వెనక్కొచ్చాయి. ఎవరో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి గంటసేపు ఆపారట.

మా పెద్దావిడ ప్రతిదీ రెండుసార్లు లెక్కపెడుతుందని అందరూ లెక్కల టీచరంటారు. ఆవిడ తిట్టలేదు. “ఇక్కడ అందం అక్కర్లేదమ్మా. విప్పేవాళ్ళు పట్టుకోడానికి ఒక కొస బయటికి వదులు” అంది. తిట్టినా బాగుండేది. గదికొచ్చి చెప్పుకుందామంటే ఎవరున్నారు? కూర్చుని ఏడ్చాను.

నలభై నాలుగేళ్ళకి కొత్త పని నేర్చుకోవడం నా వల్ల కాదేమో వదినా. ఒక్క మాట రాయి. రమ్మంటే వచ్చేస్తాను, చిరుగులు కుట్టుకునైనా ఇద్దరం బతుకుదాం. ఉండమంటే ఉంటాను. నెలాఖరుకి వీళ్ళకి చెప్పాలి.

నీ మాట కోసం కాచుకుని ఉన్న
నీ ఆడపడుచు

*

చిరంజీవి ఆడపడుచుకి,

ఇంత పెద్ద ఉత్తరం రాశావంటే అక్కడ అంతా బాగున్నట్టే. చాలా సంతోషం. ఇక్కడ వానలు. పిల్లి ఈనింది, నీ కుర్చీలోనే. వేళకి తిను.

మీ వదిన

*

వదినా,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నా బతుకేం చేసుకోనని అడిగితే పిల్లి సంగతి రాశావు. నెలాఖరు వెళ్ళిపోయింది. నువ్వేమీ చెప్పలేదు గనుక నేనే ఉండిపోయాను. ఇప్పుడు నా మూటలు వెనక్కి రావడం లేదు. ఆ మాట చెప్పుకోడానికీ ఎవరూ లేరు.

ఇక రాయను. పాత నీలం గుడ్డ ఒకటి మూటకట్టి పంపుతున్నాను. నా ఉత్తరాలు నీ కంటికి ఆనలేదు, నేను నేర్చుకున్న పనైనా ఆనుతుందేమో చూసుకో.

పదిహేడు

*

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరాలు ఇవాళ పొద్దున చదివాను. మూడూ ఇవాళే.

నువ్వు బయల్దేరే నాటికే నా రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కించమని నీకిస్తే పనిదొంగనని వెక్కిరించేదానివి, గుర్తుందా? చెబితే నువ్వు ఆగిపోతావని దాచాను. ఉత్తరాలొచ్చాక ఎవరిచేతైనా చదివించుకుందామంటే మనసొప్పలేదు. మన ఇంటి మాటలు పోస్టాఫీసు గుమాస్తా నోట వినాలా? చిరునామా మాత్రం అతనితో రాయించేదాన్ని. కవరు అరచేతిలో పెట్టుకుని చూసేదాన్ని. లావుగా ఉంటే బాగున్నావనుకునేదాన్ని. నువ్వు ఏడ్చిన ఉత్తరమే అన్నిటికంటే లావు.

తర్వాత నీ మూట వచ్చింది. దాన్ని చూడటానికి వేళ్ళు చాలు. పైన కొస దొరికింది. లాగితే ఒక్క ఊపుకి మడతలన్నీ విచ్చుకున్నాయి. కొస బయటికి వదలడం నీ చేతికి ఏనాడూ అలవాటు లేదు. ఈ వయసులో ఇది చెయ్యి మార్చుకుందే, నేనేమో అన్నీ లోపలికి దోపుకుని కూర్చున్నానే అని సిగ్గేసింది. మర్నాడే పక్కింటి డ్రైవరు చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి వెళ్ళాను. ముందు ఒక కంటికి ఆపరేషను చేశారు.

బల్ల మీద మొహానికి గుడ్డ కప్పేముందు పక్కన ఏదో మూట విప్పిన చప్పుడైంది. గుడ్డ చప్పుడు నాకు తెలియదా? అప్పుడు దాని గురించి ఏమీ ఆలోచించలేదు. ఇవాళ నీ మొదటి ఉత్తరం చదివాక, అది కట్టినామె కూడా ఎక్కడో గోడకి ఎదురుగా కూర్చుని భోంచేస్తుందేమో అనిపించింది. అక్కడ చదవడం ఆపేసి కాసేపు ఏడ్చాను.

నువ్వడిగినదానికి జవాబు ఇన్ని నెలలు ఆలస్యంగా రాస్తున్నాను. ఆ రోజే చదవగలిగి ఉంటే రమ్మనేదాన్ని. నీ మంచీచెడ్డా చూడకుండా, ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక, తప్పకుండా రమ్మనేదాన్ని. నువ్వూ పరుగెత్తుకొచ్చేదానివి. కళ్ళు కనిపించకపోవడం ఆ ఒక్క రోజుకి మేలే చేసింది.

ఇప్పుడు చెబుతున్నాను, రావద్దు. నేనే వస్తున్నాను. రెండో కన్ను మీ ఆసుపత్రిలోనే చేయించుకుంటాను, ఆ మూట నువ్వే కట్టు. పిల్లిని డ్రైవరు చూసుకుంటానన్నాడు. నీ గదిలో ఇంకో కుర్చీ వెయ్యి.

పెట్టె సర్దుకుని కూర్చున్న
నీ వదిన