ఆ గంటన్నర

హెబ్బగోడి, బెంగళూరు
9 ఆగస్టు 2001

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు గీతాంజలి వందనాలు. ప్రభువు దయవల్ల నీ అల్లుడు దామోదరూ నేనూ కులాసా. మస్కట్ ఎండల్లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. పోయిన జాబులో నా కాళ్ల వాపు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. నా చెప్పులు పట్టక దామోదర్‌వి వేసుకుని తిరుగుతుంటే ఇంటి ఓనరు పెద్దక్క ఒకటే నవ్వు. గోంగూర పచ్చడి మీ ఆసుపత్రి సుంకన్న మామకు ఇచ్చాను. రేపు విమానమెక్కుతున్నాడు, ఈ జాబూ ఆయన చేతికే.

నా టికెట్టు వచ్చే గురువారానికి ఉంది గదా. కాన్పు పుట్టింట్లోనే కావాలని పట్టుబట్టింది నేనే. నువ్వుండే నర్సుల క్వార్టర్సే నాకు పుట్టిల్లు. "తొమ్మిదిన్నరకు ఎక్కితే పదకొండున్నరకు దిగుతావు, టికెట్టు మీదనే ఉండాది. బొమ్మసంద్ర నుంచి మెజెస్టిక్‌కు బస్సులో పొయ్యేంత సేపు" అన్నాడు దామోదర్. నేనూ అదే నమ్మాను.

మొన్న మధ్యాహ్నం నడుములో నొప్పి మొదలైంది. ఆగి ఆగి వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే, గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు గంటల తర్వాత తగ్గింది. ఇంతేగా, విమానంలో వచ్చినా ఓర్చుకుంటాను అనుకున్నాను.

సాయంత్రం పచ్చడి కోసం వచ్చిన సుంకన్న మామ టికెట్టు చూసి నవ్వాడు. "దిగే టైము ఆ ఊరిది మ్మా. అక్కడ గడియారం గంటన్నర వెనక నడుస్తాది. మూడున్నర గంటలు గాల్లోనే ఉంటావు. రెండు వేల కిలోమీటర్ల పైమాటే, చాలామటుకు సముద్రమే."

అమ్మా, కోప్పడకుండా చదువు. నీకు ఏడో నెల అని రాశాను గానీ, ఇది తొమ్మిదో నెల. నెలలు నిండితే ఎక్కనివ్వరని, నన్నెరగని డాక్టరు దగ్గర తప్పు తేదీ చెప్పి సర్టిఫికెట్టు రాయించుకున్నాను. దామోదర్ వద్దన్నాడు, ఏడ్చి ఒప్పించాను. నిజం తెలిస్తే నువ్వు రావద్దంటావని నీకూ అబద్ధమే రాశాను. కిందటేడు ఆరో నెలలో బిడ్డ పోయినప్పుడు ఆసుపత్రి మంచం మీద నీకోసం చూశాను. సెలవు దొరకలేదని నీ జాబు వచ్చింది. ఎందరి బిడ్డలనో పట్టిన చేతులు నా దగ్గర మాత్రం లేవు. ఆ కోపం నాకింకా పోలేదు.

నిన్న సర్టిఫికెట్టు చింపేశాను, టికెట్టు రద్దు చేయించాను. రెండు గంటలు ఓర్చుకున్నా, సముద్రం మీద మిగిలిన ఆ గంటన్నర ఎవరిని పిలిచేదాన్ని?

ఇక నువ్వే రావాలి. అటునుంచి టికెట్టు తీస్తే ఐదు గంటలని కనిపిస్తుందట. బెదరకు, అదీ మూడున్నరే.

ఇది రాస్తుంటే మళ్లీ నడుము పట్టింది. పెద్దక్క ఆటో కోసం పోయింది. జాబు దామోదర్ సుంకన్న మామకు అందిస్తాడు. ఈసారి సెలవు దొరకలేదని జాబు రాయకమ్మా. రా.

ఇట్లు,
నీ చేతుల కోసం చూస్తున్న
నీ బిడ్డ గీత