ఎక్కని రంగూను ఓడ

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు
1932 అక్టోబరు

అమ్మకు నీ కూతురు చిన్నతల్లి పాదాలంటి రాసే సంగతులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ కులాసా ఉత్తరంలో చదవడం కాదు, నీ నోటితో వినాలని ఉంది.

మీ అల్లుడి చేతి మీద కాలిన బొబ్బ మానిందా అని అడిగావు. మానింది. మళ్ళీ షెడ్‌లో డ్యూటీకి వెళ్తున్నారు.

వచ్చే నెల ఓట్లనీ, బర్మా ఇండియా నుంచి విడిపోవాలా, కలిసే ఉండాలా అని రంగూనంతా అదే గొడవనీ రాశావు. ఇక్కడా అదే మాట. సదర్ బజార్ షావుకారు విడిపోతేనే మేలంటాడు. రంగూను బియ్యం ఓడల మీద చవగ్గా దిగబట్టి ఈ చుట్టుపక్కల ధాన్యం అడిగేవాడు లేకపోయాడట. వేరే దేశమైతే ఆ బియ్యం మీద సుంకం వేయొచ్చట. పక్కన మంగ్లా పల్లె నుంచి మాకు బియ్యం తెచ్చే ముసలామె కూడా అచ్ఛా అని తలూపింది. ఆమె కొడుకులు పండిన ధాన్యం ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారు మరి. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు, కానీ ఆ పూట అన్నం సయించలేదు.

మన పక్కింటి మతిన్ పిన్ని తనకు ఓటుంటే విడిపోవాలనే వేస్తానందని రాశావు. రెండేళ్ళ కిందట అల్లర్లలో బర్మావాళ్ళు మనవాళ్ళను వీధుల్లో నరుకుతుంటే, తనూ బర్మా మనిషై ఉండి నిన్ను తన మంచం కింద దాచి గుమ్మానికి అడ్డంగా కూర్చున్న మనిషి ఎందుకలా అందని నీ బాధ. మీ అల్లుడికి చదివి వినిపిస్తే, “ఆవిడిల్లు ఆవిడిది అవ్వాలనుకుంటంది. అత్తని పొమ్మన్లేదు గదా” అన్నారు. అంతకన్నా నాకూ తెలియదు.

ఇక నువ్వడిగిన అసలు మాట, వచ్చేయనా, ఉండనా అని. దానికి జవాబు రాసే ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి.

పోయిన నెల నిన్ను తీసుకురావడానికి బయల్దేరాను. ముందుగా రాస్తే వద్దంటావని రాయలేదు. మీ అల్లుడు సెలవు పెట్టి పాసు తీసుకున్నారు. రాయపూర్ మీదుగా కొత్తగా పడ్డ లైనులో విజయనగరం వెళ్ళి, అక్కణ్ణుంచి విశాఖపట్నం రేవుకు చేరాం. రంగూను ఓడ దూరంగా లంగరు వేసి ఉంది. జనాన్ని పడవల్లో దాని దగ్గరకు చేరవేస్తున్నారు.

ఒడ్డున రేకుపెట్టె మీద నీ ఈడు మనిషి కూర్చుని ఉంది. పేరు అప్పలనర్సమ్మ. రంగూనులో బియ్యం మిల్లులో పనిచేసేదట. ఆ మధ్యే ఓడ దిగింది.

“ఇడిపోతే మనల్నందర్నీ తరిమేత్తారని మిల్లుకాడ అనుకున్నారు. బయమేసి వచ్చీసినాను. నన్నెవులూ పొమ్మన్లేదమ్మా” అంది.

పుట్టిన ఊరు వెళ్తే గుర్తుపట్టినవాళ్ళు లేరట. తమ్ముడి కొడుకులు అన్నం పెట్టి, మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అడిగారట. రంగూనులో గదీ పనీ వదులుకునే వచ్చింది. ముందుకూ పోలేక వెనక్కూ పోలేక ఆ రేవులోనే ఉండిపోయింది.

“ఇప్పుడు నాది ఏ ఊరని సెప్పీది?” అని నన్నే అడిగింది.

అమ్మా, ఆ పెట్టె మీద నాకు నువ్వు కనిపించావు. నాన్నను కాటికి సాగనంపిన ఊరు, నీ అట్ల దుకాణం, మతిన్ పిన్ని గుమ్మం అన్నీ వదిలేసి నా వంటింట్లో ఒక మూల కూర్చున్న నువ్వు.

“ఎల్దామా, ఆగిపోదామా? నువ్వే సెప్పు” అన్నారు మీ అల్లుడు.

ఓడెక్కితే నిన్ను తీసుకురాకుండా తిరిగి రాలేను. అది నాకు తెలుసు. అందుకే ఎక్కలేదు. ఆఖరి పడవ వెళ్ళిపోయి, ఓడ కనుమరుగయ్యేదాకా ఒడ్డునే నిలబడ్డాను. తర్వాత అప్పలనర్సమ్మను మాతో పాటు బండెక్కించాం. ఇప్పుడు మా క్వార్టర్‌లోనే ఉంటోంది.

కలిసి ఉండాలో విడిపోవాలో బర్మావాళ్ళు తేల్చుకుంటారు. ఏది తేలినా నువ్వు భయపడి మాత్రం రావద్దు. ఉండాలనిపించినన్నాళ్ళూ ఉండు. నన్ను చూడక ఉండలేననిపించిన రోజున రా. రేవుకు నేనే వస్తాను.

నాకు మాత్రం ఆ రోజు ఎప్పుడో వచ్చేసింది.

అప్పలనర్సమ్మ పిన్ని మంచిది. నాతో బర్మా మాటలు మాట్లాడుతుంది, నీలాగే చింతపండు ఎక్కువేసి పులుసు కాస్తుంది. ఆదివారం నూనెగిన్నె పట్టుకుని, కూర్చో, తల దువ్వుతానంటుంది. వద్దంటాను. చిన్నబుచ్చుకుంటుందని తెలిసినా, ఆ ఒక్క పనీ ఎవరిచేతా చేయించుకోలేకపోతున్నాను.

ఇట్లు,
రేవు దాకా వచ్చి తిరిగిపోయిన నీ కూతురు
చిన్నతల్లి